ఆంధ్రా కారు, ఒడిశా ఇల్లు: ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పనులు ఏ వరుసలో చేసుకోవాలి

రాయగడలో ఇల్లు, పార్వతీపురంలో చుట్టాలు. పర్లాకిమిడిలో దుకాణం, పాతపట్నంలో అత్తారిల్లు. బరంపురంలో ఉద్యోగం, ఇచ్ఛాపురంలో కన్నవాళ్లు. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లం, మనలో చాలామంది బతుకు ఇలాగే రెండు రాష్ట్రాల మధ్య సాగుతుంది. కారు కొనాలన్నా ముందు విశాఖ, విజయనగరం వైపే చూస్తాం. అందుకే మన వీధుల్లో ఓడీ 18, ఓడీ 20 నంబర్ల పక్కనే ఏపీ 30, ఏపీ 35, ఏపీ 39 నంబర్లు కనిపిస్తుంటాయి.

చిక్కేమిటంటే, బండి ఇక్కడికి వచ్చినా కాగితాలు అక్కడే ఉండిపోతాయి. ఆర్‌సీ ఒకరి పేరున, ఇన్సూరెన్స్ ఇంకొకరి పేరున, నడిపేది మూడో మనిషి. ఏమీ జరగనంత కాలం ఎవరూ అడగరు. ప్రమాదం జరిగి ఒక మనిషి పోయిన రోజున మాత్రం అందరూ కాగితాలే అడుగుతారు. ఆ రోజున మీ ఇల్లూ పొలమూ మీకు మిగలాలంటే ఈ పనులు ముందే పూర్తి కావాలి. ఇవి కష్టమైనవి కావు. వరుస తప్పితేనే తిప్పలు పడాల్సి వస్తుంది.

మీ బండికి ఇదంతా అవసరమా

ముందు ఇది తేల్చుకోండి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడి ఆర్‌టీఓ దగ్గర కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలని 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. బండి రోజూ ఎక్కడ తిరుగుతోందన్నది కాదు, ఏ రాష్ట్రంలో ఉంటోందన్నది చూడాలి. మీరు పాతపట్నంలో ఉంటూ రోజూ పర్లాకిమిడి వచ్చి సాయంత్రం వెళ్లిపోతుంటే మీ ఏపీ నంబరు మార్చాల్సిన పని లేదు. రాయగడలో కాపురం ఉంటూ పండగలకు మాత్రమే బొబ్బిలి వెళ్లేవారైతే మార్చాలి.

ఏడాది గడువు ఉంది కదా అని సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు ఆగకూడదు. ఆ 12 నెలలు నంబరు మార్చడానికి మాత్రమే. పేరు మార్పు గడువు వేరు. కొన్న మనిషి 30 రోజుల్లోపు తన ఆర్‌టీఓకి తెలియజేయాలి. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని, ఏడాది దాకా పాత ఓనరు పేరు మీదే తిప్పుతుంటారు.

డబ్బు చేతులు మారకముందే

సెకండ్ హ్యాండ్ కారు నచ్చగానే అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. ఆర్‌సీ ఎప్పటివరకు ఉంది, ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పుడు ముగుస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా, ఫైనాన్స్ ఉందా అన్నవి తెలుస్తాయి. తర్వాత ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద స్వయంగా చూసి ఆర్‌సీతో పోల్చుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడితో ఆపేయండి.

ఫైనాన్స్ సంగతి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. లోన్ తీర్చేశామని అమ్మేవారు చెప్పిన మాట నిజమే కావచ్చు. కానీ బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), దానితోపాటు ఫారం 35 ఆర్‌టీఓకి ఇచ్చి హైపోతికేషన్ తీయించకపోతే, రికార్డులో బండి మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. ఆ పనిని ఆంధ్రా వైపే, అమ్మేవారి చేతే పూర్తి చేయించండి. రాయగడ వచ్చేశాక ఆ బ్యాంకు బ్రాంచి చుట్టూ తిరగడం మీ వల్ల కాదు. పెండింగు చలాన్లు కూడా అమ్మేవారే కట్టాలి. అవి తీరనిదే, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ కదలదు.

అమ్మేవారికీ ఒక మాట. బండి ఇచ్చేసి డబ్బు తీసుకున్నంత మాత్రాన మీ బాధ్యత తీరదు. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే ఓనరని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులోని బండి చేతులు మారి మారి చివరికి ఎవరో నడుపుతుండగా ప్రమాదం జరిగింది. అయినా పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న మొదటి ఓనరు మీదే పడింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు మిమ్మల్ని కాపాడదు.

ఎన్‌ఓసీ: ఆంధ్రా వైపు పని

బండి ఏ ఆర్‌టీఓ పరిధిలో ఉందో అక్కడ ఆర్‌సీలో పేరున్న మనిషి ఫారం 28తో దరఖాస్తు చేయాలి. ఏ ఆఫీసుకు మారుస్తున్నారో అందులో స్పష్టంగా రాయాలి. రాయగడ, గుణుపురం వారికి ఓడీ 18, గజపతి జిల్లాకు ఓడీ 20, కోరాపుట్, జయపురం వారికి ఓడీ 10, బరంపురానికి ఓడీ 07, మల్కనగిరికి ఓడీ 30. దరఖాస్తుతోపాటు ఆర్‌సీ, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, పన్ను వివరాలు, ఛాసిస్ ప్రింట్ ఇవ్వాలి. లోన్ ఇంకా నడుస్తుంటే బ్యాంకు అనుమతి కూడా కావాలి. దొంగతనం కేసులేవీ లేవని పోలీసు రికార్డు చూశాకే ఎన్‌ఓసీ వస్తుంది. ఇవ్వడమో, కారణం చెప్పి కాదనడమో 30 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది.

కొంటున్నవారైతే అమ్మేవారితో ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు ఆ రోజే పెట్టించుకోండి. పేరు మార్పుకు ఇవే ఆధారం. ఖాళీ ఫారాల మీద సంతకం తీసుకుని తర్వాత నింపుకుందాం అనుకోవద్దు. బండి నంబరు, తేదీ, ఇద్దరి చిరునామాలు అక్కడికక్కడే రాయండి. ఆధార్, పాన్ కాపీలు కూడా తీసుకోండి.

ఒడిశా ఆఫీసులో

కొత్త నంబరుకు ఫారం 27, చిరునామా మార్పుకు ఫారం 33, కొన్న బండి అయితే పై రెండూ, అంటే 29, 30. వీటికి ఎన్‌ఓసీ ఒరిజినల్, పాత ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, చిరునామా రుజువు జతచేయాలి. పరివాహన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి ఫీజు కట్టి, ఆ ప్రింటు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి. బండిని కూడా తీసుకెళ్లాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు చూస్తారు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. ఆంధ్రాలో తీసిన ఆర్‌సీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. ఒడిశాలో చదువుకున్నవారి సర్టిఫికెట్లలో, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర ఉంటుంది. కొందరికి ఆ పక్కన ఒక స్పెల్లింగు, ఈ పక్కన ఒక స్పెల్లింగు. సొంత బండినే ఇక్కడికి మార్చుకుంటున్నా, కంప్యూటర్‌లో ఈ రెండు పేర్లు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాయి. బయల్దేరే ముందే ఆర్‌సీ, ఆధార్, పాన్, ఇన్సూరెన్స్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధార్‌లో ఉన్నట్టుగా ఆర్‌సీలో పేరు సరిచేయించుకుని, ఆ తర్వాతే ఎన్‌ఓసీకి వెళ్లడం మంచిది. అంత వ్యవధి లేకపోతే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ తయారు చేయించుకోండి. ఈ ఒక్క జాగ్రత్త మిగతా అన్నిటికంటే ఎక్కువ తిరుగుడు తప్పిస్తుంది.

పన్ను విషయం. ఆంధ్రాలో లైఫ్ ట్యాక్స్ కట్టాం కదా అంటే ఇక్కడ చెల్లదు. బండి ధరను, వయసును బట్టి ఒడిశాకు విడిగా పన్ను కట్టాలి. ఆంధ్రాలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడిగే వీలుంది. ఒడిశా కొత్త ఆర్‌సీ, ఇక్కడ కట్టిన పన్ను రసీదు జతచేసి అక్కడి ఆఫీసులో దరఖాస్తు చేయాలి. కొన్న బండి అయితే ఆ రీఫండ్ ఎవరికి చెందాలన్నది బేరం ఆడేటప్పుడే తేల్చుకుని కాగితం మీద పెట్టుకోండి. రెండు చోట్లా పన్ను కట్టాలన్న బెంగతోనే చాలామంది అసలు నంబరే మార్చుకోరు. ఆ బెంగ సగం ఈ రీఫండ్ సంగతి తెలియక వచ్చినదే.

కొత్త నంబరు వచ్చాక హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు పెట్టించండి. రోడ్డు పక్కన స్టిక్కరు అంటించిన ప్లేటు చెల్లదు. ఫాస్టాగ్ కూడా పాత నంబరు మీదే ఉంటుంది కాబట్టి జారీ చేసిన బ్యాంకుకు చెప్పి మార్పించుకోండి, లేదా అది మూసేసి కొత్తది తీసుకోండి.

ఇన్సూరెన్స్: తొందరపడాల్సింది ఇక్కడే

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌ని. అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి రక్షణ. అది లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 4,000. ఈ 2,000 చూసి అంతేనా అనుకునేవారుంటారు. అసలు భారం జరిమానాది కాదు. ప్రమాదంలో మనిషి చనిపోయినా, మంచాన పడినా ప్రమాద పరిహార కేసులు విచారించే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పైకం పరిమితి లేదు. చనిపోయిన మనిషి వయసు, సంపాదన, మీద ఆధారపడిన వారిని బట్టి లక్షల్లో ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మనుషుల ప్రాణనష్టం, గాయాల విషయంలో ఆ మొత్తాన్ని కంపెనీ కడుతుంది. లేకపోతే మీరు కట్టాలి. ఆస్తి నష్టానికి మాత్రం ప్రైవేటు కారు పాలసీలో మామూలుగా 7.5 లక్షల వరకే.

దీనికి ప్రీమియం ఎంత అంటే, 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు కారుకు 2,094, 1000 నుంచి 1500 సీసీకి 3,416, ఆపైన 7,897 రూపాయలు. జీఎస్టీ అదనం. ఏ కంపెనీలోనైనా ఇదే రేటు, ఎందుకంటే దీన్ని నిర్ణయించేది ప్రభుత్వం. కాబట్టి మా దగ్గర థర్డ్ పార్టీ సగం ధరకే అని ఎవరైనా అంటే ఆ కాగితం నకిలీదని అనుమానించండి. పాలసీ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, కంపెనీ వెబ్‌సైట్‌లో పాలసీ నంబరు కొట్టి చూడండి. కొత్త కారుకు 2018 సెప్టెంబరు నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. నడిపే ఓనరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తప్పనిసరి. అంత మొత్తం బీమా మీకు ఇప్పటికే వేరేగా ఉంటే మళ్లీ అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు, చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు మీకు వచ్చేస్తుంది. కానీ మీ సొంత బండికి జరిగే నష్టానికి, అంటే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనే దానిలోని ఓన్ డ్యామేజీ భాగానికి, అలా జరగదు. పాలసీ మీ పేరుకు మారకపోతే ఆ క్లెయిము కొట్టేస్తారు. అందుకని కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు ఇచ్చి పేరు మార్పించుకోవాలి. ఆర్‌సీ వచ్చేదాకా ఆగుదాం అనుకోవద్దు. ఫారం 29, 30 కాపీలు, అమ్మకం కాగితం జతచేసి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. అందినట్టు రసీదు, కనీసం ఈమెయిలు జవాబు మీ దగ్గర ఉండాలి. కొత్త ఆర్‌సీ రాగానే దాన్నీ పంపి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీ మీద మార్పు నమోదు, పూర్తి చేయించండి. ఓడీ నంబరు వచ్చాక పాలసీ మీద నంబరు, చిరునామా మార్చడం కూడా ఇందులో భాగమే.

నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత ఓనరు ఏళ్ల తరబడి క్లెయిము చేయక 50 శాతం తగ్గింపు సంపాదించుకుంటే అది ఆయన కొత్త కారుకు వెళుతుంది. మీ పేరుకు మారేటప్పుడు మిగిలిన కాలానికి ఆ తేడా మీరు కట్టాలి. ఆ డబ్బు మిగుల్చుకుందామని అబద్ధం చెప్పి అదే బోనస్‌తో రెన్యువల్ చేయించే ఏజెంట్లు ఉన్నారు. క్లెయిము రోజున కంపెనీ పాత రికార్డు తీస్తుంది, నష్టపోయేది మీరే. ఇంకో సంగతి, పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఉన్న బోనస్ కూడా పోతుంది.

మన ప్రాంతానికి థర్డ్ పార్టీ ఒక్కటే సరిపోదన్నది నా గట్టి అభిప్రాయం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచేసింది. చెట్టు పడినా, వరద నీరు చేరినా, కొండచరియ విరిగిపడినా థర్డ్ పార్టీ పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. గంజాం, గజపతి జిల్లాల వారు ఓన్ డ్యామేజీతోపాటు ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా అడిగి తీసుకోండి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడవుతుంది, మామూలు పాలసీలో ఆ నష్టం ఇవ్వరు. మునిగిన బండి తాళం తిప్పకండి. ఫోటోలు తీసి కంపెనీకి ఫోన్ చేసి, తోయించుకుని బయటికి తెచ్చుకోండి.

అద్దెకు తిప్పే తెల్ల ప్లేటు బండ్లు

ఇది బాధ కలిగించే విషయం కాబట్టి విడిగా రాస్తున్నాను. ఇక్కడ పెద్ద జబ్బు చేస్తే విశాఖ కేజీహెచ్‌కు పరుగు తీస్తాం. ఊళ్లో కారున్న మనిషి డీజిలు ఖర్చుతోపాటు ఇంత అని తీసుకుని పేషెంటును తీసుకెళతాడు. మంచి మనసుతోనే చేస్తాడు. కానీ ప్రైవేటు కారు పాలసీ అద్దె ప్రయాణానికి వర్తించదు. దారిలో సాలూరు ఘాట్‌లో ప్రమాదం జరిగితే బండిలో ఉన్నవారి పరిహారం కంపెనీ తప్పించుకోవడానికి ఆ అద్దె డబ్బే కారణమవుతుంది. తరచుగా అలా తిప్పేవారు బండిని ట్రాన్స్‌పోర్టుగా మార్చి, పసుపు ప్లేటు, పర్మిట్, దానికి తగిన పాలసీ తీసుకోవాలి. పేషెంటు తరఫువారైతే టాక్సీ ప్లేటు ఉన్న బండి చూడండి, పేషెంటు ప్రాణాపాయంలో ఉంటే 108కి ఫోన్ చేయండి.

కొత్త కారు విశాఖలో కొంటే

బిల్లు, ఇన్సూరెన్స్ మీ ఒడిశా చిరునామాతోనే రాయించండి. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని బండి తెచ్చుకుని, గడువులోపు ఇక్కడ ఫారం 20తో శాశ్వత నంబరు వేయించుకోవచ్చు. షోరూం ఇచ్చే ఫారం 21, 22 జాగ్రత్త పరచండి. విజయనగరంలో ఉన్న మేనమామ చిరునామా పెట్టి ఏపీ నంబరు వేయించుకుంటే ఆ రోజుకు పని సులువుగా అయిపోయినట్టు ఉంటుంది. ఏడాది తర్వాత పైన చెప్పిన ఎన్‌ఓసీ, పన్ను, రీఫండ్ అన్నీ మీ నెత్తినే పడతాయి.

దమన్‌జోడిలో నాల్కో, సునాబెడాలో హెచ్ఏఎల్ ఉద్యోగులకు, రైల్వే, ప్రభుత్వ బ్యాంకుల వారికి, సైన్యంలో ఉన్నవారికి వేరే దారి ఉంది. 2021లో వచ్చిన బీహెచ్ నంబరు. బదిలీ మీద వేరే రాష్ట్రం వెళ్లినా నంబరు మార్చనక్కర్లేదు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకూ ఇస్తారు.

ఇంట్లో వారి బండి

తండ్రి చనిపోయాక ఆయన పేరున్న కారునే కొడుకు నడుపుతుంటాడు. ఓనరు చనిపోయిన సంగతి 30 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుడి పేరుకు మార్పించుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రం సిద్ధం చేసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయాలి. బావమరిది బండి, మేనమామ బండి వాడుకునేవారు సరైన లైసెన్సుతో, ఓనరు అనుమతితో నడిపితే థర్డ్ పార్టీ రక్షణ ఉంటుంది. మైనరు పిల్లల చేతికి తాళం ఇస్తే మాత్రం తల్లిదండ్రులకో, ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు.

పొల్యూషన్ సర్టిఫికెట్ చిన్న పని. పెట్రోలు బంకు పక్కనే ఇస్తారు, ఆంధ్రాలో తీసినా ఇక్కడ చెల్లుతుంది. లేకపోతే 10,000 వరకు జరిమానా. కాగితాలన్నీ డిజిలాకర్‌లో పెట్టుకోండి. అందులో చూపించినవి ఒరిజినల్‌తో సమానం.

ప్రమాదం జరిగితే

ముందు గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చాలి, తర్వాతే మిగతావి. ప్రమాదం జరిగిన చోటికి దగ్గరలో ఉన్న పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వాలి. కొమరాడ దగ్గర జరిగిందాన్ని రాయగడకు వచ్చాక చెబుదాం అనుకోకండి. బండి కదపకముందే ఫోటోలు తీసి, ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకోండి. సర్వేయరు చూడకముందు మరమ్మతు మొదలుపెట్టవద్దు.

కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు వారి ఫిర్యాదుల విభాగానికే రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ టోల్ ఫ్రీ నంబరు 155255కి ఫోన్ చేయొచ్చు, బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయొచ్చు. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒడిశా చిరునామా ఉన్నవారికి ఆ ఆఫీసు భువనేశ్వర్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.